బెయిట్‌కి రెండో అర్థం

"బెయిట్. తొమ్మిది నలభై."

మెసేజ్ అంతే. పంపింది శత్రుముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆవిడ అందంలో ధారాళం, మాటల్లో పొదుపు.

"బెయిట్ అంటే ఎర. ఎర అంటే చేపలు," తేల్చేశాడు చీఫ్. "ముఠా గురిపెట్టిన మన సైంటిస్టు ఎక్కే బస్సు చెరువు పక్కనుంచే వెళ్తుంది. అక్కడే చంపుతారు. కాపాడు."

ఏజెంట్ సెవెంటీన్ ఉదయం ఆరింటి నుంచి పెట్టుడు గడ్డంతో, యాంటెన్నా దాచిన గాలంతో గట్టు మీద కూర్చున్నాడు. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. హంతకుడి జాడ లేదు. తొమ్మిదిన్నరకి విసుగెత్తి, నిఘంటువులు రాసే అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, బెయిట్ అంటే ఎర కాక ఇంకేమైనా ఉందా?"

"పనుంటేనే గుర్తొస్తాను. మేనకోడలి పుట్టినరోజుకి రాలేదేంరా?"

"మనిషి ప్రాణం, అక్కా."

పేజీలు తిరిగిన చప్పుడు. "మాట మూలం కొరకడం. చేప కొరికేది ఎర. పాతకాలంలో ఇంకో అర్థం ఉండేది. దారిలో గుర్రాల మేతకి ఆగడం. మజిలీ అనుకో."

సెవెంటీన్‌కి ఒళ్ళు మండింది. ముఠా నాయకుడు ఒకప్పుడు గుర్రాల శిక్షకుడని, ముఠా రహస్య సంకేతాలన్నీ అతని మాటలేనని ఫైల్ మొదటి పేజీలోనే ఉంది. చీఫ్ ఏ ఫైలూ మొదటి పేజీ నుంచి చదవడు. బస్సు టీకి ఆగే క్యాంటీన్ అర కిలోమీటరు దూరం. గాలం పట్టుకుని పరుగెత్తాడు.

తొమ్మిది నలభై. సైంటిస్టు కప్పు పెదవుల దాకా ఎత్తాడు. కౌంటర్ వెనక ఏప్రన్‌లో నిలబడ్డ డబుల్ ఏజెంట్ కళ్ళతో ఆ కప్పునే చూపించింది. సెవెంటీన్ గాలం విసిరాడు. కొక్కెం పిడికి తగిలి కప్పు ఎగిరిపడింది. నేల మీద టీ బుసబుసా పొంగింది. టీ ఇచ్చినవాడు పెరటి తలుపు వైపు పరుగెత్తాడు, బస్సు డ్రైవర్ వాణ్ని ఒడిసిపట్టాడు.

"రెండు రోజుల ముందే చెప్పాను," అందావిడ.

"ఒక్క మాట చెప్పావు."

"మీ ఆఫీసులో డిక్షనరీ లేదా?"

"ఉంది. చీఫ్ కుర్చీ కాలు కింద."

పోలీసులు వచ్చి బ్రెడ్డుతో సహా క్యాంటీన్ మొత్తం సీల్ చేశారు. సెవెంటీన్ ఆ బ్రెడ్డుని దిగులుగా చూస్తుంటే చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు మోగింది.

"గాలంతోనే కాపాడావట. ఎర అని నేను చెప్పానా లేదా?"

"చెప్పారు సార్. మొదటి అర్థం మీరే ఉంచుకోండి. రెండోది నాకు ఇప్పించండి. పొద్దున్నుంచి ఏమీ తినలేదు."