తాత వేషం వేసిన మనవడు

బైజాన్ అగా టీ కప్పును అంచుదాకా నింపి ఇచ్చేసరికి ఏజెంట్ తోక్తార్ గుండెల్లో రాయి పడింది. కజఖ్‌ల నగరం ఆల్మటీలో కావలసినవాడికి సగం కప్పే పోస్తారు, మళ్లీ మళ్లీ పోయొచ్చని. నిండా పోశారంటే తాగి దయచెయ్యమని. గూఢచార శాఖ చీఫ్ అయిన ఈ అగా, అంటే పెద్దాయన, మర్యాద తప్పే మనిషి కాదు. ఇవాళ తనని సాగనంపడానికి ఎందుకంత ఆత్రం?

మిషన్ ముక్తసరిగా చెప్పాడు. జనాన్ని చంపుతున్న కొత్త ఫ్లూ గుర్రాల నుంచే వచ్చిందట. సాయంత్రం స్టెప్పీ గడ్డిమైదానంలో మందలన్నిటినీ కాల్చేస్తారు. ల్యాబ్‌లో డాక్టర్ మక్పాల్ విదేశీ ముఠాకి అమ్ముడుపోయి, గుర్రాల తప్పేం లేదని దొంగ రిపోర్టు తయారుచేస్తోంది. అది మంత్రికి చేరకూడదు. ఆ మందల్లో తోక్తార్ నాన్నదీ ఉంది. ఏడుపొచ్చినంత పనైనా, సరేనని లేచాడు.

పశువుల డాక్టర్ వేషం. కోటు గుండీలో కెమెరా, అది పంపే బొమ్మలూ మాటలూ అగాకి చేరాలి. మెట్లు దిగుతుంటే నిండు కప్పు గుర్తొచ్చింది. తోక్తార్ గుండీని ఒక్క మలుపు తిప్పాడు.

ల్యాబ్‌లో మక్పాల్ నక్కబొచ్చు టోపీతో, ఎర్రటి పెదాలతో, ఫోన్లో ముఠావాళ్లతో నవ్వుతూ మాట్లాడుతోంది. ఫోన్ పెట్టేసి, “బయట దుమ్ము బాగా లేచిందా డాక్టర్‌గారూ?” అంది. అది మన శాఖ కోడ్. అంటే ముఠాలో చేరి మనకి పనిచేస్తోంది. లేదా మనలో చేరి ముఠాకి. తోక్తార్ చెయ్యి పిస్టల్ మీదే ఉంది.

“నన్ను నమ్మొద్దులెండి. మీ ఏడు తరాల పేర్లు చెప్పగలరా?” అంది మక్పాల్.

“చెప్పలేనివాడు కజఖ్ ఎలా అవుతాడు?”

“వైరస్‌కీ వంశం ఉంటుంది. తరం తరానికీ జన్యువుల్లో కొత్త మచ్చలు పడతాయి.” తెరమీద వైరస్ వంశవృక్షం కొమ్మలు చూపించింది. అడవి బాతులు, వాటి నుంచి ముఠావాళ్ల కోళ్ల ఫారాలు, అక్కణ్ణుంచి మనుషులు. గుర్రాల నమూనాలన్నీ చిట్టచివరి కొమ్మకి వేలాడుతున్నాయి. “ఆఖరి రోగిలోని వైరస్‌కి పడ్డ మచ్చలన్నీ వీటిలో ఉన్నాయి. మనవణ్ణి తెచ్చి తాత అంటున్నారు. ఆ రోగి నమూనాని గుర్రాల పేరుతో పంపారు.”

“ఎవరు?”

“దాన్ని ఆస్పత్రి నుంచి తెప్పించుకున్నది మీ అగా ఒక్కడే. మందలు పోతే మేతభూములు ముఠావే, వాళ్లకి అమ్ముడుపోయింది ఆయనే. మరి మంత్రికి చెబుదామంటే ఆయన దగ్గరికి వెళ్లే నా లైన్లన్నీ కోసేశాడు.”

తోక్తార్ గుండీ తడుముకున్నాడు. ఆ ఒక్క మలుపుతో అది పంపేవన్నీ అగాకి కాకుండా మంత్రి ఆఫీసుకి చేరుతున్నాయి. స్టెప్పీలో సిపాయిలు తుపాకులు ఎక్కుపెట్టారు. కమాండర్ చెయ్యి పైకెత్తేసరికి, ఆపమని మంత్రి ఆఫీసు నుంచి ఫోన్ మోగింది. నాన్న మంద దుమ్ము రేపుకుంటూ గడ్డిలోకి పోయింది.

చీకటి పడకముందే తోక్తార్ అగా గదికి వెళ్లాడు. వెనక ఇద్దరు పోలీసులు. అగా ఒక్క టీ మాత్రం అడిగాడు.

తోక్తార్ పెద్దాయన మర్యాదకి లోటు రానివ్వలేదు. కప్పు అంచుదాకా పోశాడు.