హ్యూ దొర బిడ్డ

శుక్రవారం పొద్దున ఒమాన్‌లోని సహం ఊళ్లో ఎవరికీ తొందర ఉండదు. లింబాద్రికి సైట్ లేదు, కూతురు నవీనకు స్కూల్ లేదు, భార్య వాణి కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ ఇంకా తీయలేదు. ఉన్న తొందరంతా లింబాద్రి తల్లి కమలవ్వదే. విజిట్ వీసా మీద కొడుకింటికి వచ్చి రెండున్నర నెలలైంది. ఇంకో పదిహేను రోజుల్లో సిరిసిల్లకు తిరిగి వెళ్లాలి. ఈలోగా కొడుకు ఏడాదిపాటు తినాల్సిన సర్వపిండంతా తానే కాల్చిపెట్టాలని ఆమె పట్టుదల.

నవీన హాల్లో నేల మీద పెద్ద చార్టు పరుచుకుని కూర్చుంది. తొమ్మిదో తరగతి చదువుతోంది. చరిత్ర టీచరు ఒక్కొక్కరికి ఒక్కొక్క పాతకాలపు ఇంగ్లీషు బారన్‌ను పంచి, ఆయన జీవితం, వంశం రాసుకురమ్మన్నారు. పక్కనే ఎవరి వంశం వాళ్లు కూడా రాయాలి. ఆదివారం క్లాసులో నిలబడి రెండూ చెప్పాలి.

కమలవ్వ గరిటె పట్టుకునే వచ్చి చార్టు మీదికి వంగింది.

"ఎవలే ఈయన, బొచ్చె నెత్తిమీద బోర్లిచ్చుకున్నడు?"

"అది ఇనుప టోపీ, బాపమ్మా. ఈయన పేరు హ్యూ. ఎనిమిది వందల ఏండ్ల కింద ఇంగ్లండుల బారన్."

"బారనంటే?"

నవీనకు వెంటనే మాట దొరకలేదు. సోఫాలోంచి లింబాద్రి అందుకున్నాడు. "దొర, అవ్వా. మన దిక్కు దొరల లెక్కనే. గడి, భూములు, గుర్రాలు."

"మరి వెట్టి చేయించుకున్నడా?"

"చేయించుకున్నడంట. పుస్తకంల ఉన్నది," అంది నవీన.

"అయితే దొరనే," అని కమలవ్వ తేల్చేసి అక్కడే చతికిలపడింది. పొయ్యి మీది సర్వపిండిని వాణి వెళ్లి తిరగేయాల్సి వచ్చింది.

నవీనకు వినేవాళ్లు దొరికితే చాలు. హ్యూ కథ మొదలుపెట్టింది. రాజు పిలిచినప్పుడల్లా గుర్రాలూ మనుషులూ తీసుకుని యుద్ధానికి పోవాలి, అందుకు బదులుగా భూమి ఏలుకోవాలి. హ్యూ రెండుసార్లు ఫ్రాన్సుకు వెళ్లి వచ్చాడు. కోటలాంటి రాతి గడి కట్టాడు. ముగ్గురు కొడుకులు పుట్టారు. ఒకడు జ్వరంతో, ఒకడు యుద్ధంలో, ఇంకొకడు ఓడ మునిగి, ముగ్గురూ తండ్రి బతికుండగానే పోయారు.

"అక్కడి సన్యాసులు మఠంల దొరల వంశాలు రాస్తుండె. హ్యూ పేరు రాసి, దాని కింద 'ఈ వంశం ఇక్కడితో ఆగింది' అని గీత కొట్టిన్రు."

కమలవ్వ ముఖం ముడుచుకుంది. "బతికున్నోని పేరు కింద గీత కొట్టుడేంది? మరి ఆడిపిల్లలు లేకుండెనా?"

"ఒకామె ఉన్నది, అవీస్ అని. ఆమె కథ తర్వాత చెప్త. ముందు మన వంశం రాయాలె. డాడీ, పెద్దులు తాత నంబరు ఇయ్యి."

పెద్దులు కూనపులి కులం మనిషి. నేతపని చేసే పద్మశాలీల ఇళ్లకు తిరిగి కులకథ చెప్తాడు, మూడేళ్లకో నాలుగేళ్లకో సిరిసిల్ల వచ్చి ప్రతి ఇంటి వంశం చదువుతాడు, కొత్తగా పుట్టినవాళ్లను తన పుస్తకంలో ఎక్కిస్తాడు. ఆ పేరు వినగానే లింబాద్రి ఫోన్‌లో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాడు.

"అవ్వకు అన్నీ నోటికొస్తయి. ఆమెను అడిగి రాసుకో."

"కాదు, ఎవలు చెప్పిన్రో రాయమన్నరు టీచర్. పుస్తకం ఉన్నాయన చెప్తే మంచిగుంటది."

"ఆయన ఏ ఊర్ల తిరుగుతున్నడో ఏమో," అంది కమలవ్వ. "గిప్పుడెందుకు బిడ్డా, తిను ముందు."

నవీన తండ్రి చేతిలోంచి ఫోన్ లాక్కుని నంబరు వెతికి స్పీకర్ పెట్టింది. పెద్దులు ఒమాన్ నుంచి ఫోనంటే పొంగిపోయాడు. గొంతు సవరించుకుని పాటలా ఎత్తుకున్నాడు.

"కోడం వారి ఇల్లు. నర్సయ్య కొడుకు రాజలింగం. రాజలింగం కొడుకు బాలయ్య. బాలయ్యకు ఇద్దరు కొడుకులు, పెద్దోడు లింబాద్రి, చిన్నోడు సత్తయ్య. లింబాద్రి కొడుకు అంజి..."

నోట్‌బుక్‌లో రాసుకుంటున్న నవీన పెన్ను ఆగింది. "తాతా, అంజి మా బాబాయి కొడుకు."

"లేదు బిడ్డా. మొన్నటిసారి మీ బాపమ్మనే ఎక్కిచ్చింది. లింబాద్రికి అంజిని దత్తత ఇస్తున్నమని."

"మరి నేను?"

పెద్దులు మెల్లగా, "ఆడిపిల్లలను ఎక్కియ్యం తల్లీ," అన్నాడు. నవీన థాంక్స్ చెప్పి మరీ ఫోన్ పెట్టేసింది. అది విన్న వాణి పొయ్యి ఆర్పి హాల్లోకి వచ్చింది.

"నీకు ఎరికేనా?" అని భర్తను అడిగింది. లింబాద్రి తల ఎత్తలేదు. "నిన్నే అడుగుతున్న. ఎరికేనా?"

"ఎరికే. అవ్వ తృప్తికి ఏదో చెప్పింది. పుస్తకంల రాస్తే ఏమైతది, మన బిడ్డ మన దగ్గర్నే ఉన్నది కద."

"మూడేండ్లు నా పక్కన పండుకొని నాకు చెప్పలే. దాని పేరు లేని వంశం నీదెట్లయితది? అత్తమ్మా, నీకైనా మనసెట్లొచ్చింది? ఈ పిల్ల నీ కాళ్లు పట్టని రోజున్నదా?"

కమలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీకు ఆపరేషన్ అయినంక ఇగ పిల్లలు కారన్నరు," అంది చివరికి. "పెద్దులు వచ్చి అందరిండ్లల్ల చదువుకుంట వచ్చిండు. మా ఇంట్ల లింబాద్రి పేరు కాడికి వచ్చి ఆగిండు. అందరు నా దిక్కు చూసిన్రు. సచ్చినోని పేరు కాడ ఆగినట్టు ఆగిండు వాణీ. నా కొడుకు ఎడారిల ఎండకు మాడుతుండు, మంచిగ బతికున్నడు. నాకు పానం ఆగలే. అంజి పేరు చెప్పిన. పిల్ల మీద కోపం తోని కాదు."

నవీన ముక్కు తుడుచుకుని చార్టు దగ్గరికి జరిగింది. "అవీస్ కథ చెప్త అన్న కద, బాపమ్మా," అంది.

"సన్యాసులు గీత కొట్టినంక ఆ గడిని అవీస్ ఏలింది. మఠానికి భూమి దానం చేస్తూ ఒక పత్రం రాయించి ముద్ర వేసింది. అందుల ఏం రాయించిందో ఎరికేనా? 'హ్యూకు, ఆయన భార్య ఎమ్మాకు బిడ్డనైన అవీస్ అనే నేను, మా అమ్మ పేరు మీద ఇస్తున్న' అని. సన్యాసులు రాసిన వంశంల ఎమ్మా పేరు ఎక్కడా లేదు. నలుగురు పిల్లలను కన్నది, మొగడు యుద్ధానికి పోతే గడి కాపాడింది. అయినా లేదు. బిడ్డ రాసింది కాబట్టే మనకు తెలిసింది."

కమలవ్వ చార్టు వైపు చూస్తూ అడిగింది.

"పెద్దులు నా పేరు చదివిండా?"

నిజానికి ఎన్నిసార్లు విందో ఆ వంశం. కాపురానికి వచ్చిన ఏడాది నుంచి వింటోంది. తన పేరు అందులో ఉండాలని ఒక్కనాడు తోచలేదు.

"చదవలే, బాపమ్మా. బాలయ్యకు ఇద్దరు కొడుకులన్నడు, అంతే."

"మీ తాత పోయేనాటికి లింబాద్రికి తొమ్మిదేండ్లు. ముప్పై ఏండ్లు బీడీలు చుట్టిన."

"నాకు ఎరికే. ఇటు చూడు."

చార్టు రెండో సగం మీద కప్పిన కాగితాన్ని నవీన తీసింది. పై వరసలు ఖాళీగా ఉన్నాయి, పెద్దులు చెప్పాక నింపాలని. కింద మాత్రం రాత్రే రాసిపెట్టుకున్న నాలుగు పేర్లున్నాయి. అన్నిటికన్నా పెద్దగా, ఎర్ర స్కెచ్‌తో ఉన్న పేరు మీద బాపమ్మ వేలు పెట్టించింది. తునికాకు కత్తిరించి కత్తిరించి వంకరపోయిన వేలు అది. కమలవ్వకు చదువు రాదు.

"ఇది నువ్వే. కమలవ్వ. నీ గురించి కింద రాసిన, చదువుత. 'మా బాపమ్మ బీడీలు చుట్టి మా నాన్నను చదివించింది. మగ్గం అమ్మి ఒమాన్ పంపింది. ఈ రోజు మేము తినే అన్నం ఆమె పెట్టిందే.'"

లింబాద్రి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నలభై మందిని అదిలించే ఫోర్‌మన్, కళ్లు తుడుచుకోవడానికి చొక్కా అంచు వెతుక్కున్నాడు. తర్వాత వచ్చి కూతురి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"తప్పు నాదే, బిడ్డా. అవ్వ చెప్పిననాడే వద్దనాల్సింది. వాణీ, నీకు చెప్పకపోవుడు ఇంకా పెద్ద తప్పు."

వాణి చల్లారిన సర్వపిండి తెచ్చి అతని ముందే మొదట పెట్టింది. లింబాద్రికి అది చాలు.

కమలవ్వ అప్పటికే చేయి చాచి ఫోన్ అడుగుతోంది. "చెయ్యే, పెద్దులుకు మళ్ల చెయ్యి."

పెద్దులు ఎత్తగానే ఆమె ఉపోద్ఘాతం ఏదీ పెట్టుకోలేదు. "పెద్దులన్నా, అంజి సత్తయ్య కొడుకు. అక్కడ్నే రాయి. లింబాద్రి కింద నా మనుమరాలు నవీనను రాయి."

"అట్ల ఆనవాయితీ లేదు కదమ్మా."

"లేకుంటే ఇయ్యాల్టి సంది ఉంటది. ఇంగ్లీషు దొర ఇంట్ల బిడ్డ రాయించుకున్నది, ఎనిమిది వందల ఏండ్లు నిలిచింది. నా ఇంట్ల నిలవదా? వచ్చే నెల నేను ఊరికొస్తున్న. నువ్వు ఇంటికొచ్చినప్పుడు పుస్తకం చూపిచ్చినంకనే నీకు అన్నం."

అవతల పెద్దులు నవ్వాడు. ఆ ఇంటి అన్నం ఆయన నలభై ఏళ్లుగా తింటున్నాడు. "రాస్త తల్లీ. నీ అన్నం తిన్నోన్ని," అన్నాడు. కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. ఆయన మళ్లీ గొంతు సవరించుకున్నాడు. నవీన పెన్ను పట్టుకుంది.

"కోడం వారి ఇల్లు. నర్సయ్య కొడుకు రాజలింగం. రాజలింగం కొడుకు బాలయ్య..." అక్కడ పెద్దులు ఒక్క క్షణం ఆగాడు. ఎవరూ అడగకముందే, తనంతట తనే అన్నాడు. "బాలయ్య భార్య కమలవ్వ. కమలవ్వ పెద్ద కొడుకు లింబాద్రి. లింబాద్రి బిడ్డ నవీన."

కమలవ్వ రెండు చేతులూ జోడించింది, ఫోన్‌కో పెద్దులుకో మనుమరాలికో ఆమెకే తెలియదు. కళ్ల నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"ఇంకొకసారి చదువు, అన్నా," అంది.