ఎక్కడా ఆగని కారు

శనివారం పొద్దున ఆ ఫ్లాటులో ఒకరి మాట ఒకరికి వినపడదు. వంటింట్లో మిక్సీ, బాత్రూములో షవరు, హాల్లో సగం సర్దిన బ్యాగుల మధ్య పిచ్చుక. పిచ్చుకంటే ఆ ఇంటి తొమ్మిదేళ్ళ కూతురు. నిద్రపోతే తప్ప నోరు మూతపడదు కాబట్టి ఆ పేరే ఖాయమైపోయింది.

"అమ్మా, నా ఈత బట్టలేవీ?"

"బాల్కనీలో ఆరేశాను, తెచ్చుకో. నానమ్మ లేచిందా?"

"ఎప్పుడో! తల దువ్వుకుని, కొత్త చెప్పులేసుకుని మంచం మీద కూర్చుంది."

బ్రెడ్డు ముక్కల మధ్య గుడ్డట్టు సర్దుతున్న కోడలికి కాస్త ఊపిరాడింది. కొత్త చెప్పులు వేసుకున్నారంటే ఈసారి అత్తగారు వస్తారన్నమాటే. వచ్చేస్తే చాలు, ఆ మాట ఎత్తే పనే ఉండదు.

ఆ మాట భర్త బుధవారమే చెప్పేశాడు. "అమ్మ ఈసారి కూడా చివరి నిమిషంలో మానేసిందంటే, ఇక ప్రతి వారం అన్నయ్య ఇంట్లో దింపేసి వెళ్దాం. వాడితో మాట్లాడేశాను." ఆమె సరే అనలేదు గానీ, వద్దని కూడా అనలేదు. అప్పట్నుంచీ ఆమె మనసులో ముల్లులా ఉన్నది అదే.

ఆయన లిఫ్టు మెకానిక్. నగరంలో ఏ లిఫ్టు ఏ రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నా ఫోను ఈయనకే. లోపలున్నవాళ్ళ అరుపులు, బయటున్నవాళ్ళ తిట్లు వినీ వినీ మధ్యలో ఆగిపోవడమంటేనే ఆయనకు ఒళ్ళుమంట. అందుకే కాబోలు, శనివారం కారు తీశాడంటే మళ్ళీ ఆపేది దిగాల్సిన చోటే. ఏ కొండకి ఎక్కడా ఆగకుండా ఎలా చేరాడో తోటి మెకానిక్కుల ముందు వర్ణించడం మొదలుపెడితే, వాళ్ళకి ఆవులింతలొస్తాయి గానీ ఈయనకి అలుపు రాదు.

ఎక్కడికి వెళ్ళాలన్నది బుధవారం రాత్రి భోజనాల బల్ల దగ్గర తేలుతుంది. కోడలికి కొండలు కావాలి, పిచ్చుకకి నీళ్ళు కావాలి, ఆయనకి రోడ్డు బాగుంటే చాలు, ఎక్కడికైనా ఒకటే. చిత్రమేమిటంటే అందరికన్నా హుషారు అత్తగారిదే. ఒకప్పుడు ఒకటో తరగతి టీచరమ్మ కదా, కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని మనవరాలి ఫోనులో మ్యాపు పెద్దది చేసి మరీ చూస్తుంది. "ఆ సరస్సుకి పోదాంరా, పడవలున్నాయట" అంటుంది. తర్వాత తప్పకుండా ఒకటి అడుగుతుంది.

"మధ్యలో ఎక్కడ ఆగుతాంరా?"

"ఎక్కడా ఆగం! నీ కొడుకు చేతిలో కారంటే ఏమనుకున్నావు?" అంటాడు ఆయన. ఆవిడ నవ్వి ఊరుకుంటుంది. తీరా శనివారం తెల్లవారేసరికి మోకాలు సలుపుతుంది. ఇంకో వారం తల పగిలిపోతుంది. ఆపై వారం పక్క ఫ్లాటావిడకి ఒంట్లో బాగుండదు, తోడు ఉండాలి. ఆవిడ వాళ్ళతో కారెక్కి ఏడాది దాటింది.

ఆ ఆఖరిసారి సముద్రం దగ్గరికి వెళ్ళారు. దిగేసరికి ఆవిడ కూర్చున్న సీటంతా తడి. నీళ్ళసీసా మూత ఊడిందని చెప్పింది. కొత్త సీటు కవర్లేమో, కోడలు కాస్త విసుక్కుంది. అప్పట్నుంచి అది ఇంట్లో జోకైపోయింది. "నానమ్మ చేతికి సీసా ఇవ్వకండి, కార్లో చెరువు తవ్వేస్తుంది" అని పిచ్చుక అంటే, ఇల్లంతా నవ్వుతారు. ఆవిడా నవ్వుతుంది.

"అమ్మా, లిఫ్టొచ్చింది, పద!" అని కేకేశాడు కొడుకు, రెండు బ్యాగులు భుజాలకు తగిలించుకుని.

అత్తగారు గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముఖం వాడిపోయి ఉంది.

"నేను రాలేనులే నాన్నా. కడుపులో ఏదో తిప్పుతోంది. మీరు వెళ్ళి రండి."

ఆయన బ్యాగులు కింద పడేశాడు. "తలైపోయింది, మోకాలైపోయింది, ఇవాళ కడుపు. వచ్చేవారానికి ఇంకేం మిగిలిందమ్మా ఒంట్లో?"

"కోప్పడకురా."

"కోపం కాక ఏం రమ్మంటావు? బుధవారం ప్లానంతా నువ్వే వేస్తావు. సరస్సంటావు, పడవంటావు, దాన్ని ఆశపెడతావు. తీరా బయల్దేరేటప్పుడు ఇదీ వరస. అక్కడికి వెళ్ళాక మాత్రం నాకు సుఖమనుకున్నావా? ఒక్కతే ఉంది, కాలు జారిందేమో, గ్యాసు కట్టేసిందో లేదో అని మనసంతా ఇక్కడే ఉంటుంది. మాతో రావడం ఇష్టం లేకపోతే ఆ ముక్క చెప్పెయ్!"

"ఇష్టం లేక కాదురా."

"మరెందుకు?"

ఆవిడ ఏదో చెప్పబోయి పెదాలు బిగించుకుంది. ఆయన అన్నయ్య సంగతి బయటపెట్టేశాడు.

"అయితే ఇక నుంచి శని, ఆదివారాలు అన్నయ్య ఇంట్లో ఉండు. వాడితో మాట్లాడాను. దారిలో దింపేస్తాం, బట్టలు సర్దుకో."

పిచ్చుక కూడా కిక్కురుమనలేదు.

"దింపేస్తావా?" అంది ఆవిడ. కళ్ళు కొడుకు ముఖం మీద నిలిచి, నేల మీదికి దిగాయి. "సరేలేరా. నా వల్ల మీ సెలవు పాడవడం ఎందుకు?"

అనేశాక ఆయనకీ బాగోలేదు. కానీ నోట్లోంచి వచ్చిన మాటని ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక, కూతుర్ని వెంటబెట్టుకుని విసురుగా కిందికి వెళ్ళిపోయాడు.

కోడలు అత్తగారి గదిలోకి వెళ్ళింది. నాలుగు మాటలు అడిగేద్దామనే వెళ్ళింది. ఏడాదిగా శనివారం వచ్చిందంటే ఈ ఇంట్లో గొడవే, ఎవరి మీద కోపమో చెప్పమందామనుకుంది. ఆవిడ సంచిలో బట్టలు పెడుతోంది. పెదాలు ఎండి చీలాయి. బల్ల మీద నిన్న సాయంత్రం తను పెట్టిన నీళ్ళగ్లాసు నిండుగా అలాగే ఉంది.

ఆవిడ గుమ్మం వైపు చూసింది. కొడుకు నిజంగానే కిందికి వెళ్ళాడా అని. మాట్లాడబోయి, సంచి పిడి నలుపుతూ ఆగిపోయింది.

ఆ నిలబడటం కోడలికి బాగా తెలుసు. ఆమె మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. కొందరు వచ్చి పక్కకి నిలబడతారు. వెనక వచ్చినవాళ్ళని ముందు కానివ్వమంటారు. షాపు ఖాళీ అయ్యాక కూడా మాట పెగలదు. అలాంటివాళ్ళ ముఖంలోకి చూడకూడదని ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్చుకుంది. ఏదో సర్దుతున్నట్టు చేతులకి పని పెట్టుకుని, గొంతు తగ్గించి తనే అడగాలి.

ఆమె మంచం మీది తువ్వాలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, నిన్న సాయంత్రం నుంచి నీళ్ళు తాగలేదు కదూ?"

ఆవిడ సంచిలో పెట్టిన చీర తీసి, మళ్ళీ అందులోనే పెట్టింది.

"మా షాపుకి రోజూ వస్తారు. మీ వయసువాళ్ళే కాదు, నా వయసువాళ్ళూ వస్తారు. తుమ్మితే ఆగదంటారు, బస్సు కుదిపితే ఆగదంటారు." తువ్వాలు విప్పి మళ్ళీ మడిచింది. "చాలామందికి ఉండేదే."

ఆవిడ సంచి కింద పెట్టింది. గొంతు బాగా తగ్గించి అంది.

"వాడికి చెప్పకు అమ్మాయ్."

"చెప్పను."

"ఇంట్లో అయితే ఫర్వాలేదు, గబగబా వెళ్ళిపోతాను. కార్లో భయం. ముందురోజు నుంచి నీళ్ళు మానేసి చూస్తున్నాను, ఎలాగైనా వద్దామని. పొద్దున లేచేసరికి కళ్ళు తిరుగుతాయి." ఆవిడ మంచం అంచున కూర్చుంది. "సముద్రానికి వెళ్ళినప్పుడు సీటు తడిసింది చూడు. అది సీసా కాదు."

కోడలి చేతిలో తువ్వాలు ఆగిపోయింది. 'మూత సరిగ్గా పెట్టుకోవద్దూ అత్తయ్యా' అని విసుక్కున్నది తనే. ఏడాదిగా ఆ జోకుకి అందరికన్నా గట్టిగా నవ్వుతున్నదీ తనే. ముక్కూ మొహం తెలియనివాళ్ళ గుట్టు వాళ్ళ నిలబడే తీరులోనే పసిగడుతుంది, పక్క గదిలో మనిషిని మాత్రం చూడలేకపోయింది. ఆమెకి ఏడుపు ఆగలేదు.

"అయ్యో, నువ్వెందుకు ఏడుస్తావు?" అంది ఆవిడ కంగారుగా.

"ఇందులో సిగ్గుపడేదేముంది అత్తయ్యా? నాకు ఒక్కమాట చెబితే పోయేది కదా?"

"నీకు సిగ్గుండదమ్మా, అమ్మేదానివి. కొనేవాళ్ళకుంటుంది." ఆవిడ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "ఇన్నేళ్ళు ఒకటో తరగతికి చెప్పాను. పాఠం మధ్యలో ఏ పిల్లాడు లేచి నిలబడినా వెళ్ళి రమ్మనేదాన్ని. ఒక్కణ్ణీ కూర్చోమనలేదు. ఇప్పుడు నా కొడుకు ముందు లేచి నిలబడటానికి నాకు నోరు రావట్లేదు."

కోడలు కళ్ళు తుడుచుకుని గ్లాసు ఆవిడ చేతికిచ్చింది. "ముందు ఇవి తాగండి. సోమవారం మనిద్దరం డాక్టరు దగ్గరికి వెళ్దాం, దీనికి వైద్యముంది. ఇవాళ మాత్రం మీరు సరస్సుకి వస్తున్నారు."

"వాడు ఆపడమ్మా."

"ఆపుతారు. నేను చూసుకుంటా."

కింద ఆయన స్టీరింగు మీద వేళ్ళతో దరువేస్తున్నాడు. పిచ్చుక వెనక సీట్లో ముడుచుకు కూర్చుంది. కోడలు కిటికీ దగ్గర వంగింది.

"ఏమండీ, ఒక మాట. ఈమధ్య నాకు మాటిమాటికీ ఒంటికి వెళ్ళాల్సి వస్తోంది. దారిలో ఆపాలి."

ఆయన దరువు ఆపాడు. "ఎప్పట్నుంచి? నాకు చెప్పలేదేం?"

"సిగ్గేసింది."

"నా దగ్గర సిగ్గేమిటి, పిచ్చిదానా? ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ఆపుతా. డాక్టరుకి చూపించుకున్నావా?"

ఇంతే. ఇంత తేలిక. ఆమెకి మళ్ళీ ఏడుపొచ్చినంత పనైంది.

"ఇంకోటి. అత్తయ్య మనతోనే వస్తున్నారు. మీ అన్నయ్యకి ఫోను చేసి చెప్పండి."

ఆయన మారు మాట్లాడకుండా ఫోను తీశాడు. అమ్మని దింపేస్తానన్నందుకు ఆయన అప్పటికే లోలోపల నొచ్చుకుంటున్నాడు.

నగరం దాటగానే మొదటి పెట్రోలు బంకు వచ్చింది. "ఆపండి. అత్తయ్యా, తోడు రండి" అని దిగింది కోడలు. ఆయన సరిగ్గా గేరు మార్చి వేగం అందుకున్నాడో లేదో, మళ్ళీ ఆపండి అంది. ఇంకో బంకు, మళ్ళీ "అత్తయ్యా, తోడు రండి". వెనక వదిలేసిన లారీలన్నీ ఒక్కొక్కటిగా ముందుకెళ్ళిపోతుంటే ఆయన పళ్ళు బిగించాడు గానీ పెళ్ళాం ముఖం చూసి పల్లెత్తు మాటనలేదు.

మూడోసారి ఆపినప్పుడు అద్దం తుడుద్దామని తనూ దిగాడు. బాత్రూము తలుపు ముందు భార్య నిలబడి ఉంది, అమ్మ సంచి పట్టుకుని. తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. కాసేపటికి అమ్మ బయటికొచ్చింది. భార్య లోపలికి వెళ్ళనే లేదు. సంచి అందించి, అమ్మ భుజం మీద చెయ్యేసి వెనక్కి నడిపించుకొచ్చింది.

ఆయన గుడ్డ పట్టుకుని తుడిచిన చోటే తుడుస్తూ నిలబడ్డాడు.

మళ్ళీ బయల్దేరాక ఆయన వేగం తగ్గించి నడిపాడు. కొంత దూరం పోయాక ఎవరూ అడగకుండానే పక్కకి తీసి ఆపాడు. టీ కొట్టు, నాలుగు బెంచీలు, వెనక శుభ్రమైన బాత్రూములు.

"నాకు వెళ్ళాలి" అన్నాడు.

"నాన్న ఆపాడు! నాన్నే ఆపాడు!" అని పిచ్చుక గంతులేసింది. కోడలు దాన్ని బిస్కెట్ల కోసం కొట్టు దగ్గరికి లాక్కెళ్ళింది.

అత్తగారు బాత్రూముకి వెళ్ళొచ్చేసరికి కొడుకు బెంచీ పక్కన నిలబడి ఉన్నాడు. వెళ్ళాలన్నవాడు ఎక్కడికీ వెళ్ళలేదు. ఆవిడకి అర్థమైంది.

"మీ ఆవిడకేం లేదురా" అంది దగ్గరికొచ్చి. "నాకే."

"తెలిసిందమ్మా."

"తను చెప్పిందా?"

"లేదు. ఇందాక బయట తనుంది, లోపల నువ్వున్నావు." ఆయన రోడ్డు వైపు చూస్తూ అడిగాడు, "ఆ సీసా కూడా... సీసా కాదు కదూ?"

"కాదు."

"ఒక్కసారి ఆపమనుంటే ఆపేవాణ్ణి కదమ్మా! ఎందుకడగలేదు?"

ఆవిడ కొడుకు ముఖంలోకి చూసింది. ఏడాదిగా అబద్ధాలు చెప్పీ చెప్పీ అలసిపోయింది.

"అడిగానురా. రెండుసార్లు అడిగాను. ఇంకాసేపేనమ్మా, ఈసారి రికార్డు కొట్టేస్తున్నాం అన్నావు."

ఆయనకి గుర్తొచ్చింది. అద్దంలో అమ్మ ముఖం కనిపించడం, తను నవ్వుతూ ఆ మాటనడం, కాలు ఇంకాస్త గట్టిగా నొక్కడం, అన్నీ గుర్తొచ్చాయి. బెంచీ మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి.

"ఊరుకోరా, అందరూ చూస్తున్నారు" అంటూ ఆవిడ కొడుకు తల నిమిరింది. "నీకేం తెలుసు? నేనూ చెప్పలేదుగా."

కొట్టు దగ్గర నుంచి పిచ్చుక అరిచింది. "అమ్మా, నాన్నెందుకు ఏడుస్తున్నాడు?"

"కాసేపు వాళ్ళనలా వదిలెయ్" అంది కోడలు, ముఖం అటు తిప్పుకుని.

చాలాసేపటికి ఆయన ముఖం తుడుచుకుని లేచాడు. "పదమ్మా. ఇంకా చాలా దూరముంది, పడవలు కట్టేస్తారు."

"కట్టేయనీరా, రేపు ఎక్కుదాం. ఇక్కడ గాలి బాగుంది, టీ తాగి వెళ్దాం."

ఆయన కారు వైపు చూశాడు, ముందు పరుచుకున్న ఖాళీ రోడ్డు వైపు చూశాడు. తాళాలు జేబులో వేసుకుని, నాలుగు టీలు చెప్పి వచ్చి, అమ్మ పక్కన కూర్చున్నాడు.