మ్యాపులో లేని కొంగల తిప్ప

సీతారామాంజనేయులు గారిని పొద్దున పది గంటల పది నిమిషాలకి రాయదుర్గం మలుపులో లారీతో గుద్ది చంపారు. 1999 ఫిబ్రవరి, సోమవారం. అరవై మూడేళ్ల మనిషి. రెండు ఇడ్లీలు తిని, మూడోది వద్దని, స్కూటరు నాలుగుసార్లు తన్ని స్టార్టు చేసి బయల్దేరాడు పాపం. గోదావరి సముద్రంలో కలిసే చోట ముప్ఫయ్యేళ్లు పడవలో కూచుని, తాడుకి కట్టిన సీసపు గుండు నీళ్లలోకి వదిలి లోతులు కొలిచిన సర్వేయరు. ఏ పాయలో ఎంత లోతో నిద్రలేపి అడిగినా చెప్పేవాడు.

లారీ ఆగలేదు. వెనకొచ్చిన మారుతి వ్యాను ఆగింది. ఒకడు దిగి, చూడటానికన్నట్టు వంగి, ఆయన గుడ్డసంచీ తీసుకుని పోయాడు. మొహం మీద ఎండ పడుతోందని రోడ్డుపని చేసే ఆడమనిషి ఒకతె తన తట్ట తెచ్చి అడ్డం పెట్టింది. ఆయనకి దక్కిన సేవ అంతే.

పదకొండున్నరకి అమీర్‌పేటలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ పైగదిలో ఏజెంట్ రంగనాథ్ నిలబడి ఉన్నాడు. కింద ముప్ఫై మిషన్ల టకటక. ఆ గది కిరాయికి తీసుకున్నదే ఆ చప్పుడు కోసం. ఎదురుగా చీఫ్ వెంకటరామయ్య.

"మాదాపూర్‌లో శంఖు జియోడేటా అని ఒక కంపెనీ. నాలుగో అంతస్తు. గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గర మడ అడవుల మీద రిసెర్చి అని చెప్పి ఒక విదేశీ క్లయింటు డిజిటల్ మ్యాపు చేయిస్తున్నాడు. పేరు హోల్ట్."

"రిసెర్చి కాదన్నమాట."

"కాదు. సముద్రంలో ఒక పడవ ఆగి ఉంది. చూడ్డానికి చేపల పడవే. కడుపునిండా ఆర్.డి.ఎక్స్. నదిలోకి దూరి గ్యాసు ప్లాంటు దాకా పోవడానికి లోతైన దారి కావాలి. ప్లాంటు పక్కనే జాలర్ల పల్లె. మూడొందల గడప."

"ఎప్పుడు?"

"ఈ సాయంత్రం నాలుగున్నర పోటుకి. వేటకెళ్లిన పడవలు తిరిగొచ్చే వేళ. వాటిలో కలిసిపోతే ఎవరికీ అనుమానం రాదు. మ్యాపు మూడున్నరకి మోడెమ్ మీద బయటికి పోతుంది. అక్కణ్ణించి శాటిలైట్ ఫోను మీద పడవకి."

"కోస్ట్‌గార్డు?"

"రెండు బోట్లు. మొగలు ఏడు." చీఫ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మ్యాపు బిల్డింగు దాటకూడదు. పొద్దున ఆ సర్వేయరు హోల్ట్‌కి ఫోన్ చేశాడు. మ్యాపులో పెద్ద విషయం ఉంది, స్వయంగా వచ్చి చెప్తాను అన్నాడు. గుట్టు తెలిసిపోయిందనుకున్నారు. గంటలో చంపేశారు."

"లోపల మన నీహారిక ఉందిగా?"

"ఎనిమిది నెలలైంది. వాళ్ల మనిషినని వాళ్లని నమ్మించింది. ఇప్పుడు ఎవరి మనిషో నాకే తెలీదు. మూడు వారాలుగా కబురు లేదు. కోడ్ చెప్పు. జవాబు రాకపోతే..." చీఫ్ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "అడ్డొస్తే కాల్చెయ్."

మూడు దాటాక రంగనాథ్ యూపీయెస్ మెకానిక్ వేషంలో మాదాపూర్‌లో దిగాడు. ఖాకీ చొక్కా, చెవి మీద పెన్సిలు, సంచీలో స్క్రూడ్రైవర్లు, వాటి కింద పిస్తోలు. చేతిలో మల్టీమీటరు. దాని పొట్టలో రేడియో. చుట్టూ ఇంకా బండలు పగలగొడుతున్నారు. అద్దాల బిల్డింగు మీద రోజుకో పొర దుమ్ము.

గేటు దగ్గర సెక్యూరిటీ వీరేశం ఆపాడు. "సంచిల ఏంది?"

"జొన్నరొట్టె, పుంటికూర."

కోడ్ సరిపోయింది. వీరేశం గొంతు తగ్గించాడు. "గింత లేటా అన్నా? జర జల్ది నడువు. లిఫ్టు ఎక్కకు, కరెంటు పోతె ఇర్కుతవు. ఆ తెల్లోడు పొద్దుగాల సంది కుర్చీలకెంచి లేస్తలేడు. పక్కన మేడమ్ ఉన్నది."

"మేడమ్ ఎట్లుంది?"

"మంచిగ తయారై వచ్చింది, ఎప్పటిలెక్కనే. అన్నం మాత్రం ముట్టలే."

నాలుగో అంతస్తులో చిన్న అద్దాల గది. పెద్ద మానిటర్ మీద గోదావరి. పళ్లెంలో పులుసు వంపితే పాయలు పాయలుగా పారినట్టు నీలంగా పరుచుకుని ఉంది. పాయల మధ్య లంకలు, లంకల అంచున మడ అడవులు, ఆ పచ్చదనం చివర నల్ల చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో ఇల్లు. పొయ్యి, దండెం, చంటిపిల్లలు ఉన్న ఇల్లు. సముద్రం నించి ఒక ఎర్రగీత అయిదో మొగలోంచి లోపలికొచ్చి, ఆ చుక్కల పక్కనే ఆగింది.

మ్యాపు కింద సన్నటి పట్టీ నిండుతోంది. నలభై ఒక శాతం. మోడెమ్ మీద పంపడం అప్పుడే మొదలెట్టేశారు.

హోల్ట్ కుర్చీలో ఉన్నాడు. పక్కన నెమలికంఠం రంగు చీరలో నీహారిక. ఆమె నడిచొస్తే ఆ ఫ్లోర్ అంతా తలెత్తి చూస్తుంది, అలాంటి మనిషి.

"మేడమ్, బ్యాటరీల్లో నీళ్లు తగ్గాయి," అన్నాడు రంగనాథ్.

డిస్టిల్డ్ వాటర్ రేపు వస్తుంది అనాలి. అదీ కోడ్.

నీహారిక అతని కళ్లలోకి సూటిగా చూసింది. "వాటి జోలికి పోకు. మూల కూచుని దుమ్ము తుడువు."

అయిపోయింది, అమ్ముడుపోయింది అనుకున్నాడు. మూలకి వెళ్లి యూపీయెస్ ముందు గొంతుక్కూర్చున్నాడు. కుడిచెయ్యి మెయిన్ స్విచ్ మీద, ఎడమచెయ్యి సంచీలో. అరవై మూడు శాతం. స్విచ్ నొక్కితే మ్యాపు ఆగుతుంది. తర్వాత ఇద్దర్నీ కాల్చాలి. ఆమెనే ముందు. ట్రైనింగులో తన పక్క కుర్చీలో కూచుని, తన టిఫిన్లో పచ్చడి దొంగిలించిన నీహారికని.

తలుపు తోసుకుని ఒక పిల్ల వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. నూనె రాసిన జడ, ఏడ్చి ఉబ్బిన కళ్లు, చేతిలో చుట్టిన ప్రింటు. డిజిటైజర్ అమ్మణ్ణి. ఆ మ్యాపులో అయిదో పాయని గీసింది ఆమే.

"మేడమ్, సీతారామాంజనేయులు గారు పోయారండి. నామూలంగానేనండి! ఆయన్ని ఇవాళ రమ్మన్నది నేనేనండి!"

"తర్వాత మాట్లాడదాం, వెళ్లు."

"తర్వాతేంటండి? మ్యాపులో కొంగల తిప్ప మళ్లీ పోయిందండి, ఆ ఇసకదిబ్బ. రెండుసార్లు గీశాను. గీసినప్పుడల్లా మీరు టాలరెన్స్ పాతిక పెట్టి క్లీన్ కొట్టమంటారు. పాతిక మీటర్ల లోపు దగ్గరున్న గీతల్ని ఆ సాఫ్ట్‌వేరు ఒకటి చేసి పారేస్తుంది. తిప్ప వెడల్పేమో పద్దెనిమిది. రెండొడ్లూ అతుక్కుపోయి తిప్పే లేకుండా పోయింది. అక్కడ లోతైన నీళ్లున్నట్టు చూపిస్తోంది. ఆయన చూసి, తప్పు దిద్దిస్తానమ్మా అన్నారు. ఆయనెలాగూ లేరు, మీరైనా దిద్దించండి. మా ఊరోళ్లు చూస్తే నవ్వుతారండి!"

రంగనాథ్ చెయ్యి స్విచ్ మీదే బిగుసుకుపోయింది.

హోల్ట్ తల తిప్పాడు. "వాట్ ఈజ్ షీ సేయింగ్?"

"కన్సల్టెంట్ పోయాడని ఏడుస్తోంది," అంది నీహారిక ఇంగ్లీషులో, గోళ్లకేసి చూసుకుంటూ. "సెలవు అడుగుతోంది." బల్ల చాటున రెండో చెయ్యి అమ్మణ్ణిని పొమ్మని సైగ చేస్తోంది. హోల్ట్ చూడలేదు. కింద కూచున్న రంగనాథ్ చూశాడు.

ఎనభై ఎనిమిది.

"ఏమ్మా," అన్నాడు దుమ్ము తుడుస్తూ, ఊసుపోని మెకానిక్కులాగా. "ఆ తిప్ప మీద నీళ్లెంతుంటాయేంటి, పోటుకి?"

"ఇవాళ అష్టమి కదండీ. అష్టమి పోటుకి బలముండదు. మోకాలి లోతు. బురదనీళ్లు, పైకి కనబడదు. మా నాన్న పడవ దాని మీదే ముక్కలైంది, తొంభయ్యారు తుఫానులో. నాన్న దొరకలేదు."

"మీ ఇల్లెక్కడ?"

"ఆ తిప్ప వెనకాలేనండి. అమ్మ, చెల్లి ఉంటారు."

ఆ పిల్లకేమీ తెలీదు. తన తల్లి, చెల్లెలి బతుకు ఒక మెకానిక్కు చేతి కింద ఉందని తెలీదు. మ్యాపు ఆపితే వీళ్లు ఇంకో మ్యాపు చేయించుకుని ఇంకో పోటుకి వస్తారు. పంపితే, పిల్ల చెప్పిన మోకాలి లోతు నిజం కాకపోతే, రాత్రికి ఆ నల్ల చుక్కలుండవు.

తొంభై ఏడు.

చెయ్యి తీసేశాడు.

వంద.

హోల్ట్ లేచి కోటు తొడుక్కుని, నీహారిక భుజం మీద చెయ్యేశాడు. "ఎయిర్‌పోర్ట్." ఆమె రానంటే వాడికి అనుమానం, అనుమానం వస్తే పడవకి ఫోను. అందుకని వెళ్లింది. గుమ్మం దగ్గర ఆగి, "ఏయ్ మెకానిక్, డిస్టిల్డ్ వాటర్ రేపు వస్తుంది," అంది.

అమ్మణ్ణి కూడా వెళ్లాక రంగనాథ్ మల్టీమీటరు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "అయిదో మొగ. రెండు బోట్లూ అక్కడికే. కొంగల తిప్ప వెనక."

"మ్యాపు?" అన్నాడు చీఫ్.

"పోనిచ్చాను సార్."

చీఫ్ కోస్ట్‌గార్డుకి కబురు పెట్టాడు.

నాలుగు ఇరవై ఎనిమిదికి రంగనాథ్ పంజగుట్ట సిగ్నల్ దగ్గర వీరేశం నడిపే అంబాసిడర్లో ఉన్నాడు. హోల్ట్ కారు తొమ్మిది బళ్ల ముందు. పడవ ఇసకలో దిగబడేదాకా వాణ్ణి ముట్టుకోవడానికి లేదు. రేడియో గరగరలాడింది. పడవ ఫుల్ స్పీడులో వచ్చి తిప్పకి గుద్దుకుంది. అడుగు చీలింది. కోస్ట్‌గార్డు చుట్టుముట్టింది. పేలలేదు.

"ఉరుకన్నా!" అన్నాడు వీరేశం.

బళ్ల మధ్య పడి పరిగెత్తాడు. మూడు బళ్లు ఉండగా హోల్ట్ సెల్‌ఫోను చెవికి పెట్టుకోవడం కనిపించింది. వాడు నీహారిక వైపు తిరగడం కనిపించింది. ఆమె తల తిప్పుకోలేదు. ఒక్కటే పిస్తోలు చప్పుడు. సిగ్నల్ పచ్చగా మారింది. వెనకున్న బళ్లు హారన్లు కొడుతూనే ఉన్నాయి.

హోల్ట్‌ని ప్రాణాలతోనే పట్టుకున్నాడు. దానికోసం తన చేతుల్ని తనే ఆపుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం టైపు ఇన్‌స్టిట్యూట్ పైగదిలో హోల్ట్ సూట్‌కేసు విప్పారు. అడుగున సీతారామాంజనేయులు గారి గుడ్డసంచీ. సంచీలో మడతపెట్టిన కాగితం. ఎర్రసిరా, గుండ్రటి అక్షరాలు. వెంకటరామయ్య పైకి చదివాడు.

"చిరంజీవి అమ్మణ్ణికి, నీ మాట నిజం తల్లీ. కొంగల తిప్ప మ్యాపులో లేదు. ఇలాగే పంపితే ఎవరి పడవో మునుగుతుంది. టాలరెన్సు రెండుకి తగ్గించి మళ్లీ చెయ్యమని ఇవాళ క్లయింటుకి నేనే చెప్తాను. భయపడకు."

 వీరేశం ముందు నోరు తెరిచాడు. "అంటె, ఆళ్ల పడవను బచాయించనీకి వస్తుండె పెద్దమనిషి! గాయన్నే చంపుకున్నరా?"

చీఫ్ కాగితం తిరగేశాడు. ఈ తెలుగు కాగితం ఏంటో వెనక హోల్ట్ ఇంగ్లీషులో పెన్సిలుతో రాసుకున్నాడు. సరుకుల జాబితా అని. చదివి చెప్పింది నీహారిక అని. ఆ పక్కనే మధ్యాహ్నం పన్నెండు అని టైము కూడా వేశాడు, పద్ధతైన మనిషి.

వెంకటరామయ్య కాగితం మడిచి రంగనాథ్ చేతిలో పెట్టాడు. "ఆ పిల్లకివ్వు. ఆమె పేరు మీదే ఉంది." కిటికీ దాకా వెళ్లి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "ఎనిమిది నెలలు హైదరాబాదులో ఉన్నాడు వెధవ. అ ఆలైనా నేర్చుకోవాల్సింది."