లేని గొడుగుల చుట్టూ

డిటెక్టివ్ భూతద్దంగారు పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ భూతద్దం పట్టలేదు. కళ్లజోడు అద్దాలు సీసా అడుగంత మందంగా ఉండటంవల్ల ఆ పేరు అంటుకుంది. ఆయన ఆ అద్దాలు తుడుచుకుంటుండగా ఖాకీ చొక్కా వేసుకున్న యువతి ఒకామె ఆఫీసులోకి దూసుకొచ్చి, రమ్మనకముందే కూర్చుంది.

"సార్, మా తీరంలో ఎవరో జాడలు మాయం చేస్తున్నారు!"

అసిస్టెంట్ ముచ్చటపడిపోయింది. గురువుగారి దగ్గరికి వచ్చేవాళ్లలో ఇంత సూటిగా విషయం చెప్పేవాళ్లు అరుదు.

వచ్చినామె తీర రక్షిత ప్రాంతంలో గార్డు. ఒకప్పుడు అక్కడ పెద్ద హోటల్ ఉండేది. అది మూతపడ్డాక కూలగొట్టి, ఆ ఇసుకను సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టుకోవడానికి వదిలేశారు. ఈ ఏడు ఒక్క తాబేలు జాడ కూడా కనబడలేదు.

"రేపు ఆఫీసరుగారు వస్తున్నారు సార్. గుడ్లు లేవంటే రక్షణ ఎత్తేస్తారు. మళ్లీ హోటల్ లేపడానికి ఏజెంటు ఒకడు కాచుక్కూర్చున్నాడు. అతని పనే ఇది! నా ఉద్యోగం పోతే పోయింది, ఆ చోటు పోతే మాత్రం తట్టుకోలేను."

"మీరు కాపలా కాయరా?"

"చీకటి పడ్డాక నేనూ ఇసుకలోకి దిగకూడదు. మనిషి అలికిడైతే తాబేళ్లు వెనక్కెళ్లిపోతాయి. ఎండ వచ్చాక వెళ్తే ఇసుక మీద గాలి చారలు కూడా ఉండట్లేదు సార్!"

"ఇంట్లో చెప్పారా?"

"ఇంట్లో ఉండేది నేనూ, మా అత్తయ్యా. ఆవిడకు చెప్తే బెంగ పెట్టుకుంటుంది."

మర్నాడు పొద్దున్నే గురుశిష్యులిద్దరూ అక్కడికి వెళ్లారు. హోటల్ పోయింది గానీ దాని మెట్లు మిగిలాయి, ఎక్కడినుంచీ బయల్దేరకుండా నేరుగా సముద్రంలోకి దిగుతున్నట్టు. ఈతకొలను చెరువై, రెల్లు మొలిచి, బాతులు తిరుగుతున్నాయి. కింద ఇసుక మాత్రం అప్పుడే మార్చిన దుప్పటిలా ఉంది. భూతద్దంగారు మోకాళ్ల మీద వంగి చూశారు. ఇసుక చదును చేసే పళ్లచెక్కతో లాగిన సన్నని గీతలు బారుగా కనిపించాయి.

"ఈ గీతలు తిన్నగా వచ్చి ఇక్కడ గుండ్రంగా తిరిగాయి. ఎందుకంటావ్?"

"ఇక్కడేం లేదు కదా గురువుగారూ."

"లేదు. అక్కడా లేదు. దాని పక్కనా లేదు. అన్నిచోట్లా తిరిగాయి."

ఇంతలో పెద్దావిడ ఒకామె క్యారియర్ పట్టుకుని మెట్లు దిగింది. "ఏమ్మాయ్, టిఫినన్నా తినకుండా పరిగెత్తావ్!"

"మా అత్తయ్య సార్," అంది గార్డు, సిగ్గుపడుతూ.

అత్తయ్య మెట్టు మీద గుడ్డ పరిచి, ముడతలన్నీ అరచేత్తో సాపు చేసి, అప్పుడు గాని క్యారియర్ దించలేదు. ఆ అరచేతిలో బొబ్బలున్నాయి.

"చేతికేమైందండీ?" అడిగారు డిటెక్టివ్.

"తోటపని బాబూ."

"మీ ఇల్లు ఎక్కడ?"

"అదిగో, ఆ మేడలో పై అంతస్తు. గాలి బాగా కొడుతుంది. కిటికీలోంచి మా అమ్మాయి డ్యూటీ చేసేదంతా కనిపిస్తుంది. ఈ హోటల్ ఉన్నన్నాళ్లూ నేనూ ఇక్కడే చేశాలెండి."

ఆఫీసరూ, ఏజెంటూ వచ్చేశారు. ఏజెంటు మెరిసే బూట్లతో పైమెట్టు మీదే ఆగిపోయాడు. "తాబేళ్లే లేనప్పుడు ఈ ఎండలో తిప్పలెందుకండీ?"

"కాసేపు అందరూ కూర్చోండి," అన్నారు భూతద్దంగారు. "తాబేళ్లు రాలేదని కాదు. వచ్చిన జాడలు ఎవరో చెరిపేశారు. ఏజెంటుగారు కాదు, ఆయన బూట్లకు ఇసుకంటే భయం. చెరిపిన మనిషి లేనివాటిని తప్పించుకుంటూ లాగింది. హోటల్ రోజుల్లో ఇక్కడ ఎండకు బారుగా గొడుగులుండేవి, రోజూ వాటి చుట్టూ ఇసుక చదును చేసేవారు. వాటిని పీకేసి ఏళ్లయినా ఆ చేతులకు ఆ సంగతి ఇంకా తెలియదు. పై అంతస్తు ఇంట్లో ఏ తోటపనీ చేయకుండానే ఆ చేతులు బొబ్బలెక్కాయి."

గార్డు మొహం తెల్లబోయింది. "అత్తయ్యా... మీరా?"

పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఎవడో బండి దింపుతున్నాడే తల్లీ! నీళ్లలోంచి పైదాకా టైరు చారలు, చివర్న గుంటలు. ఇక్కడికి బండ్లు రానిస్తే ఉద్యోగం ఊడుతుందని నువ్వే అన్నావుగా? నువ్వు లేచేలోపు చదును చేసేసి వచ్చేదాన్ని. చెప్తే కంగారు పడతావని..."

"నీళ్లలోంచి బండి ఎలా వస్తుంది అత్తయ్యా?"

"నాకేం తెలుసు, ఈ కాలం బండ్లు!"

"ఆ చారలు ఎలా ఉంటాయో ఒకసారి గీయండి," అన్నారు డిటెక్టివ్.

ఆవిడ వేలితో ఇసుకలో గీసింది. అటూ ఇటూ ఏటవాలు గాట్లు, మధ్యలో ఈడ్చిన దారి. గార్డు నవ్వుతూ ఏడుస్తూ అక్కడే కూలబడింది. "అది తాబేలు అత్తయ్యా!"

హోటల్ దీపాల వెలుగుకి ఆ రోజుల్లో తాబేలన్నది ఈ ఒడ్డెక్కితే కదా, పాపం ఆవిడ చూడటానికి!

ఆఫీసరు గొంతు సవరించుకున్నారు. "మాటలతో రక్షణ నిలవదమ్మా. గుడ్లు కనబడాలి."

"గుంటలు పూడ్చింది నేనేగా!" అంటూ అత్తయ్య లేచింది. "చివరి గొడుగు పక్కనొకటుంది. రండి."

గార్డు అక్కడ వట్టి చేతులతో మెల్లగా ఇసుక తీసింది. మోచేతిదాకా లోతున తెల్లని గుడ్లు కుప్పగా కనిపించాయి.

అత్తయ్య ముందుకు వంగింది. "నా చెక్క తగిలి ఏమైనా అయ్యాయా తల్లీ?"

"ఇంత లోతుకు అందదు అత్తయ్యా. ఏం కాలేదు." గార్డు గుడ్ల మీద మళ్లీ ఇసుక కప్పి, అత్తయ్య బొబ్బల చేతిని తన బుగ్గకు ఆనించుకుంది.

ఆఫీసరు టోపీ తీశారు. "ఈ చోటు ఎక్కడికీ పోదు," అన్నారు. తిరిగి చూస్తే ఏజెంటు నిలబడ్డ పైమెట్టు ఖాళీగా ఉంది.

"అయితే రేపట్నుంచి నేను రాకూడదా?" అడిగింది అత్తయ్య, చిన్నబోయి.

"ఎండ వచ్చాక నాతో రండి," అంది గార్డు. " చారలు కనిపిస్తే నాకు చూపించాలి. ఆ చెక్క మాత్రం ఇంట్లోనే!"

అందరూ వెనక్కి బయల్దేరారు. అత్తయ్య అలవాటుగా ఒక చోట పక్కకు ఒరిగి, లేని గొడుగును తప్పించుకుంది. ఆమె చెయ్యి పట్టుకున్న కోడలూ అలాగే చుట్టూ తిరిగింది. వెనక అసిస్టెంట్ నవ్వబోయింది. తీరా తన వంతు వచ్చేసరికి, గురువుగారి వెనకే తనూ జాగ్రత్తగా పక్కనుంచి నడిచింది.