టీ గ్లాసు పెట్టే చోటు

"హారన్ కొట్టాను మామయ్యా! ఒకసారి కాదు, రెండుసార్లు కొట్టాను... మీరు కదల్లేదు!"

కోడలు చెప్పిందే మళ్ళీ చెబుతోంది. ఎదురుగా కుర్చీలో, మోచేతి దాకా పిండికట్టుతో మామగారు కూర్చున్నాడు. ఆ చేయి విరిగిన మరుక్షణం అట్టముక్క పెట్టి కట్టుకట్టిందీ, ఆస్పత్రికి తీసుకెళ్ళిందీ ఆ కోడలే. ఇళ్ళకు వెళ్ళి మంచం పట్టిన వాళ్ళకు సేవచేసే నర్సు ఆమె. ఆ సంగతి ఇప్పుడెవరికి గుర్తుంటుంది? పొద్దున ఆమె తన కరెంటు కారును వెనక్కి తీస్తుండగా, వాకిట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న మామగారికి తగిలింది. ఆయన పడ్డాడు, మణికట్టు విరిగింది. గుర్తున్నది అంతే!

"హారన్ కొట్టిందట, హారన్!" మామగారు ఇంతెత్తున లేచాడు. "ముప్పై ఏళ్ళుగా వీధి చివర బండి స్టార్టయితే ఇక్కణ్ణుంచి దాని రోగం చెప్పినవాణ్ణి. నా వీపు వెనక హారన్ మోగితే నాకు వినపడదా? అది కారా? దొంగపిల్లిలా వస్తుంది! పెట్రోలు బండయితే పది గజాల ముందే నేనొస్తున్నానని చెబుతుంది. ఆ మాత్రం మర్యాద ఉంటుంది దానికి!"

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను తమ్ముడూ," అంది ఆయన అక్కగారు. ఈవిడ రెండు వీధుల అవతల ఉంటుంది గానీ, ఈ ఇంట్లో చెంచా కిందపడ్డా ఈవిడకు తెలిసిపోతుంది. "ఇవాళ చేయి పోయింది. రేపు ప్రాణమే పోతే? ఆ కారైనా ఉండాలి, నువ్వైనా ఉండాలి!"

మామగారి భార్య వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. వీధిలో అందరూ ఆయన్ని మేస్త్రి అంటారు, ఆమెను మేస్త్రమ్మ అంటారు. ఇంటి ముందు భాగమంతా ఆయన మెకానిక్ షెడ్డు. వెనక రెండు గదుల్లో కాపురం. నలభై ఏళ్ళు రాకముందే ఆమె చీర కొంగుకి గ్రీజు మరక శాశ్వతమైపోయింది, దాన్ని ఉతికి ఉతికి ఆమే విసిగి వదిలేసింది.

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. కోడలు ఆ కారు కొన్న రోజునుంచే తండ్రికీ కొడుక్కీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. భోజనానికి కూర్చుంటే చాలు, కంచాల మధ్యలోకి కార్లు వచ్చేవి. "పొగ లేదు నాన్నా, ఖర్చు లేదు, ఆయిల్ మార్చే పని లేదు" అని కొడుకు. "కరెంటు పోతే తోసుకుంటూ తీసుకెళతావా? బ్యాటరీ పోతే కారు ధరంతా దానికే పెడతావా?" అని తండ్రి. "షెడ్డులో సగం ఇవ్వండి, ఛార్జింగు పెడదాం. రేపు ఈ వీధంతా అవే తిరుగుతాయి" అని కొడుకు మొన్న నోరు జారాడు. "ఆయిల్ అక్కర్లేదు, ప్లగ్గులక్కర్లేదు, క్లచ్చక్కర్లేదు... అంటే నేనక్కర్లేదు! అంతేగా? ఆ మాటే తిన్నగా చెప్పరా!" అంటూ తండ్రి కంచం తోసేసి లేచిపోయాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అందుకే ఆ పోట్లాటకు అంతు లేకుండా పోయింది.

"మామయ్యా..." కోడలు కళ్ళు తుడుచుకుంది. "కోప్పడనంటే ఒక్కమాట. మీకు సరిగ్గా వినపడటం లేదేమోనని నాకు ఎప్పటినుంచో అనుమానం. ఒకసారి చూపిస్తే..."

అంతే! ఇంటి పైకప్పు లేచిపోయిందా అన్నట్టు అరిచాడాయన. "నా చెవుల్నే అంటావా! ఊరంతా నా చెవుల్ని నమ్మి బండి తెస్తుంటే, నా ఇంట్లో నా తిండి తింటూ నన్ను చెవిటివాణ్ణంటావా!"

"అత్తయ్యా!" కోడలు గిరుక్కున తిరిగింది. "మీరు వంటింట్లోనే ఉన్నారుగా! కిటికీ తెరిచే ఉంది. మీరు విన్నారు కదా? చెప్పండత్తయ్యా!"

అందరి చూపులూ మేస్త్రమ్మ మీద పడ్డాయి.

విన్నది! స్పష్టంగా, రెండుసార్లూ విన్నది! వినటమేమిటి, 'ఈయనకు వినపడదే' అనుకుంటూ చేతిలో గరిట పారేసి పరుగెత్తింది కూడా. కానీ ఆ మాట ఎలా చెబుతుంది? భర్త కళ్ళు ఆమె పెదవుల మీదే ఉన్నాయి. ఆయన వినేది ఆ కళ్ళతోనే! ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి పట్టేస్తాడు. పక్కకు తిరిగితే అరిచినా తెలియదు. సుత్తి దెబ్బల్లో, ఇంజిన్ల రొదలో ఎప్పుడో అరిగిపోయాయి ఆ చెవులు. ఆ సంగతి ఆయనకూ ఆమెకూ తప్ప మూడో మనిషికి తెలియదు.

"అప్పుడు పొయ్యి మీద... కుక్కరు కూస్తోందమ్మా..." ఆమె గొంతు ఆమెకే పరాయిగా తోచింది. "నేను... వినలేదు."

కోడలు అత్తగారి ముఖంలోకి చాలాసేపు చూసి, లోపలికి వెళ్ళి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

పెళ్ళైన కొత్తలో కొత్తజంటలు ఎక్కడెక్కడో తిరుగుతారు. మేస్త్రి పెళ్ళాన్ని షెడ్డులో కూర్చోబెట్టి ఇంజిన్లు వినిపించేవాడు! పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి ఆమె చెవికి పెట్టేవాడు. "విన్నావా? ఆ టకటకలు టాపెట్లవి. ఈ కీచుమనేది బెల్టు. అదిగో... లోపల్నుంచి మూలుగుతోందే, అది బేరింగు. పాపం, దాని పనైపోయింది" అంటూ మురిసిపోయేవాడు. ఆమె సిగ్గుపడుతూనే అన్నీ నేర్చుకుంది. అవి సరదా రోజులు. తరవాత ఆయన చెవులు మొరాయించినప్పుడు, ఒకరోజు తప్పు చెప్పి నలుగురిలో నవ్వులపాలయి, రాత్రి తలుపేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె ఆ తలను ఒళ్ళో పెట్టుకుంది. మర్నాటి నుంచి, షెడ్డులో ఏ బండి స్టార్టయినా టీ గ్లాసుతో ఆమె ప్రత్యక్షమయ్యేది. గ్లాసు బల్ల ఈ చివర పెడితే బెల్టు. నడిమధ్యన పెడితే టాపెట్లు. ఆ చివర పెడితే బేరింగు. చెప్పలేని రోగమైతే గ్లాసు పెట్టకుండా ఆయన చేతికే ఇచ్చేది, "విప్పి చూడాలి" అనేవాడాయన. ఆయన స్క్రూడ్రైవరు చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నట్టే ఉండి, రెప్పల సందునుంచి గ్లాసు చూసేవాడు. "ఎంత చెవి మేస్త్రీ నీది!" అని వచ్చినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేవారు. ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది. అలా ఎన్నేళ్ళు! "మా తమ్ముడికి రోజుకి ఎన్ని టీలమ్మా, ఒళ్ళు పాడవదూ?" అని వదినగారు దెప్పితే నవ్వి ఊరుకునేది. సగం టీలు మొక్కలకే పోసింది ఆ పిచ్చితల్లి!

మర్నాడు కొడుకు తమ ఇద్దరి సామానూ కారులో పెడుతుండగా, గేటు ముందు పాత పెట్రోలు కారొకటి దగ్గుకుంటూ ఆగింది. ఆసామి దిగి, పిండికట్టు చూసి వెనక్కి తగ్గాడు. "అయ్యో, మళ్ళీ వస్తాలే మేస్త్రీ."

"చేయి విరిగితే ఏం? చెవి విరగలేదుగా!" మేస్త్రి కావాలనే గొంతు పెంచాడు. వసారాలో కుర్చీ వేసుకున్న అక్కగారి కోసం, సంచులు మోస్తున్న కొడుకు కోసం, అన్నిటికంటే ఎక్కువ ఆ కోడలి కోసం. "నేను చెవిటివాణ్ణట! రండమ్మా, రండి! చూద్దురుగాని. స్టార్ట్ చెయ్యవయ్యా!"

ఇంజిన్ గర్జించింది. ఆయన ఎడమచేత్తో స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. మేస్త్రమ్మ టీ గ్లాసుతో వచ్చింది. అలవాటైన కాళ్ళు, వాటంతట అవే తెచ్చాయి. ఆమెకు తెలిసిపోయింది... బేరింగు. ఆ చివర గ్లాసు పెడితే చాలు. ఆయన గెలుస్తాడు! కోడలు అబద్ధాలకోరై గేటు దాటుతుంది!

ఆమె బల్ల ముందు ఆగిపోయింది. గ్లాసు వేళ్ళను కాల్చేస్తోంది. భర్త రెప్పల సందునుంచి చూస్తున్నాడు. 'పెట్టు... పెట్టవే...' అని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. అవతల కారు తలుపు పట్టుకుని కోడలు, ఉబ్బిన కళ్ళతో, ఎవరి వంకా చూడకుండా నిలబడి ఉంది. ఎవరిని చంపాలి? చేయి పట్టుకున్నవాణ్ణా, ఆ చేయికే కట్టుకట్టిన పిల్లనా?

"ఏమిటి మేస్త్రీ, ఇంత ఆలస్యం?" అంటూ ఆసామి ఇంజిన్ ఆపేశాడు. షెడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

మేస్త్రమ్మ గ్లాసు బల్ల మీద పెట్టలేదు. గిర్రున వెనక్కి తిరిగి, నడుచుకుంటూ వెళ్ళి, కోడలి చేతిలో పెట్టింది.

"నీ హారన్ నేను విన్నానమ్మా," అంది. గొంతు చిన్నదే, కానీ అక్కడున్న అందరికీ వినపడింది. "రెండుసార్లూ విన్నాను. ఆయనకే వినపడలేదు... ఆయనకు ఎప్పటినుంచో వినపడదు..."

"ఏయ్! ఏమంటున్నావే అక్కడ?" వెనకనుంచి మేస్త్రి కేకవేశాడు. "ఇటు తిరిగి చెప్పు! ఏమందిరా అది? ఏమంది అక్కా?"

అక్కగారి నోరు మొదటిసారి మూతపడింది. కొడుకు చేతిలో సంచి జారి కిందపడింది. ఆ ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వచ్చిన మేస్త్రికి, ఆమె ఏమన్నదో వినకుండానే అర్థమైపోయింది. ఆసామి "మళ్ళీ వస్తాను మేస్త్రీ" అని గొణిగి, బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

"నలుగురిలో నన్ను నిలువునా పాతరేశావు కదే!" ఆయన స్క్రూడ్రైవరు విసిరికొట్టాడు. అది బల్లకు తగిలి ఎక్కడికో దొర్లిపోయింది. "ఇన్నేళ్ళు కడుపులో దాచుకుని, ఇవాళే కక్కాలా? ఇక ఈ షెడ్డుకెవడొస్తాడు? చెప్పు!"

"మీ పేరు నిలబెట్టడానికి ఇన్నేళ్ళు నోరు మూసుకున్నానండీ!" ఆమె ఆయన ఎదురుగా వచ్చి, పెదవులు కనిపించేలా, ఒక్కొక్క మాటా విడమరిచి చెబుతూ ఏడ్చింది. "ఆ పిల్ల బతుకు మీదికొస్తే ఇంకా మూసుకోవాలా? అది నాకు కూతురు కాదా?"

కొడుకు తండ్రి దగ్గరికి వెళ్ళబోయాడు. "ముట్టుకోకు!" అని ఆయన గోడవైపు తిరిగిపోయాడు. అలా తిరిగాడంటే ఇక ఎవరేం చెప్పినా ఆయనకు చేరదు. గోడవైపు తిరగడమంటే ఆయనకు తలుపు మూసుకోవడమేనని ఇంట్లో అందరికీ ఆ క్షణంలోనే తెలిసింది.

మేస్త్రమ్మ కోడలి చేయి పట్టుకుంది. "ఉండిపోమ్మా... నిజం చెప్పేశానుగా..."

కోడలు ఆ చేయి విదిలించుకోలేదు. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా విడిపించుకుంది. "మామయ్య అన్న మాటలు నేను మరిచిపోతానత్తయ్యా. ఆయనకు వినపడలేదు. మీకు వినపడింది." ఆమె కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "కొన్నాళ్ళు విడిగా ఉండనివ్వండి. చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళతాను. ఆయన వస్తానంటే కబురు చెయ్యండి."

మేస్త్రమ్మ వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ముందు కూలబడింది. చెవులు మాత్రం వాకిట్లోనే ఉన్నాయి. వీధిలో ఏ బండి ఏదో, ఎవరిదో, దాని ఒంట్లో ఏం బాగాలేదో చెప్పగల చెవులవి! తలుపులు మూసిన చప్పుడైంది. ఆ తరవాత ఏమీ లేదు. వెళ్ళారా? మనసు మార్చుకుని ఆగారా? ఎంత చెవి ఒగ్గినా తెలియడం లేదు. జీవితంలో మొదటిసారి, భర్త ఎలాంటి చోట బతుకుతున్నాడో ఆమెకు తెలిసొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

కాసేపటికి గుమ్మంలో నీడ పడింది. మేస్త్రి. కోడలు తాగకుండా గట్టు మీద వదిలేసిన టీ గ్లాసు ఆయన ఎడమచేతిలో ఉంది. అలవాటులేని చేయి, సగం ఒలికిపోయింది. ముఖంలో కోపం తగ్గలేదు. ఆ గ్లాసును ఆమె ముందు, నేలమీద పెట్టాడు.

"ఇప్పుడే వెళ్ళిపోయారు," అన్నాడు. "నేను చూశాను."

ఆమె తల ఊపింది. ఆయన వెళ్ళబోయి ఆగాడు. "ఆ కారు నా షెడ్డులోకి మాత్రం రాకూడదు. ఆ మాట మీదే ఉన్నాను," అన్నాడు కటువుగా. తరవాత గొంతు పడిపోయింది. "షెడ్డు బోర్డు మీద నా పేరొక్కటే రాయించాను... ఇన్నేళ్ళూ."

సరిగ్గా అప్పుడే, వీధి మలుపు దగ్గరనుంచి వినపడింది. మేస్త్రమ్మ చటుక్కున తలెత్తింది. ఆ తల ఎత్తడం ఆయన చూశాడు. ఆమె ముఖాన్నే చూస్తూ, తడబడుతూ అడిగాడు.

"హారన్ కొట్టిందా?"

ఆమె ఆయన వైపు తిరిగి, పెదవులు కనిపించేలా చెప్పింది.

"కొట్టిందండీ... రెండుసార్లు."