పాత ఇసుక ఒక గుప్పెడు

"ఎన్ని వారాలూ?"

"నాలుగండీ. వారానికి పావు వంతు."

ఆవిడ చేతి గ్లవ్స్ తీసి బల్ల మీద పడేసింది. "చేపల తొట్టిలో ఇసుక మార్చడానికి నెల రోజులా? నేనైతే పుచ్చు పన్ను ఒక్క సిట్టింగ్‌లో పీకేస్తాను, తెలుసా?"

"ముప్ఫై రెండూ ఒకే రోజు పీకేయరు కదండీ?"

వెయిటింగ్ హాల్లో దవడ పట్టుకుని కూర్చున్న పెద్దాయన కిసుక్కున నవ్వి, వెంటనే "అబ్బా" అన్నాడు. ఆవిడ నా వంక చూసిన చూపుకి నా పళ్ళన్నీ ఒక్కసారి జివ్వుమన్నాయి.

మా మొదటి పరిచయం అదీ.

నాది చేపల షాపు. ఉప్పునీటి తొట్లు బాగు చేయడం నా పని. ఆవిడ పళ్ళ డాక్టరు. క్లినిక్ వాళ్ళ నాన్నగారిది, తొట్టీ ఆయనదే. పదకొండేళ్ళ తొట్టి. అందులో తెల్ల చారల నారింజ చేపలు రెండు. రోజూ వాటితో పది నిమిషాలు మాట్లాడాకే ఆయన పేషెంట్ల నోరు తెరిపించేవారట. ఇప్పుడు పెద్ద కూతురింటికి వెళ్ళారు, వచ్చే శనివారం వచ్చేస్తారు. ఆయన వచ్చేసరికి నల్లబడిన ఇసుకంతా తీసేసి తళతళలాడే తొట్టి చూపించాలని ఈవిడ పట్టుదల.

"చేపల మలినాన్ని విరిచి నీళ్ళని కాపాడే సూక్ష్మజీవులు ఈ ఇసుకలోనే కాపురం ఉంటాయండీ. ఒకేసారి ఖాళీ చేయిస్తే నీళ్ళు విషమైపోతాయి."

"లేదా మీరు ఇక్కడికి నాలుగుసార్లు రావడానికి అల్లిన కథ."

"కథైతే ఇంకా అందంగా అల్లేవాణ్ణండీ."

ఆ ఆదివారం ఒక మూల పావు వంతు తీశాను. సన్నటి పైపుతో ఇసుకని నీళ్ళతో సహా బకెట్‌లోకి లాగుతుంటే అడుగున నల్లటి పొర కదిలి కుళ్ళిన గుడ్ల వాసన వచ్చింది. ఆవిడ ముక్కు మూసుకుంది గానీ పక్కనుంచి కదల్లేదు. కొత్త ఇసుకని తేట నీళ్ళు వచ్చేదాకా కడిగి, గొట్టంలోంచి మెల్లగా అడుక్కి జారవిడిచాను. గొట్టం పట్టుకుంది ఆవిడే. గాజుకి అటు వైపున్న ఆ కళ్ళు నీళ్ళలోంచి ఇంకాస్త పెద్దవిగా కనిపించాయి. నా తప్పేం లేదు, నీళ్ళు అలాగే చూపిస్తాయి.

గురువారం పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకుని షాపు తలుపు తీస్తున్నాను. ఫోన్.

"చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి. ఏమైనా మందుందా?" గొంతులో ఆ జోరు లేదు.

"మిగతా ఇసుక తీశారా?"

"మంగళవారం... మొత్తం."

వెళ్ళేసరికి తొట్టి అడుగు పాల మీగడలా మెరిసిపోతోంది. చేపలు మాత్రం మూలన ఒరిగిపోయాయి. నీళ్ళు పరీక్షిస్తే అమ్మోనియా. సగం నీళ్ళు మార్చాను, గాలి పంపు పెట్టాను. తర్వాత నేను తెచ్చిన బకెట్‌లోంచి ఇసుకని పల్చటి గుడ్డ సంచిలో మూటగట్టి తొట్టిలో వేలాడదీశాను.

"అదేంటి?"

"మీ పాత ఇసుకే. ఆదివారం తీసిందాంట్లో పైపొర. మురికి వదిలేలా ఉప్పునీళ్ళతో కడిగి, గాలి పెట్టి బతికించాను. కొత్త ఇసుక కుదురుకునేదాకా పాతది పారేయకూడదని నాకు పని నేర్పిన మా మామయ్య మాట."

"అందరి ఇసుకా ఇలాగే దాస్తారా?"

"అందరిదీ షాపు మూలన ఉంటుందండీ. మీది మా ఇంట్లో, మంచం పక్కన."

ఆవిడ నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంది. "నాన్నకి నేనేం చెప్పను?"

కంటికి కనిపించని జీవాలకి ఇసుక రేణువుల మధ్య ఇల్లు కట్టిచ్చిన దేవుడు, చదువుకున్న మనుషులకి నాలుగు వారాల ఓపిక ఎందుకివ్వలేదో! ఆ మాట పైకి అనలేదు. "ఉన్నదున్నట్టు చెప్పండి. ఈలోగా వాటిని బతికిద్దాం" అన్నాను.

ఆ రోజూ మర్నాడూ నీళ్ళు మారుస్తూనే ఉన్నాం. పేషెంటుకీ పేషెంటుకీ మధ్య ఆవిడ పరుగెత్తుకొచ్చేది. "ఎలా ఉన్నాయి?"

"మీకంటే నయం."

శుక్రవారం సాయంత్రం బయట వాన మొదలైంది. చిన్న చేప వచ్చి నా చేతి దగ్గర మేత లాక్కుంది. వెనకే పెద్దది. ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ సంగతే మర్చిపోయింది. నేను గుర్తు చేయలేదు.

"డాక్టరుగారూ, మీతో ఒక మాట. కొంత ఇవాళ చెప్తాను, మిగతాది వచ్చే ఆదివారం..."

"ఇదీ నాలుగు వారాలేనా?" చెయ్యి తియ్యకుండానే అంది. "ఇది మాత్రం ఒక్క సిట్టింగ్‌లో అయిపోవాలి."

అయిపోయింది. నొప్పి తెలియలేదు.

శనివారం నాన్నగారు సంచీ కూడా దించకుండా తొట్టి ముందు నిలబడ్డారు. "ఈ మూటేంటమ్మా?"

ఆవిడ అంతా చెప్పేసింది. ఇసుక సంగతీ, నా సంగతీ. ఆయన చేపల్ని చూశారు, కూతుర్ని చూశారు, చివర్న నన్ను.

"మంచం పక్కన పెట్టుకున్నావా?"

"అవునండీ."

ఆయన గ్లాసు తెచ్చి, ఆ మూటలోంచి ఒక గుప్పెడు ఇసుక తీసి, తొట్టి నీళ్ళతో సహా నా చేతికిచ్చారు.

"రేపు మీ ఇంట్లో కొత్త తొట్టి పెట్టుకుంటారుగా బాబూ. ఇది అడుగున వెయ్యి. మిగతాదంతా మీ ఇద్దరూ నింపుకోండి, మెల్లగా."

"మెల్లగానా?" అంది మా ఆవిడ కాబోయే డాక్టరమ్మ. "వచ్చే నెలలో ముహూర్తం చూడండి నాన్నా!"